తేనెపిట్టనూ మోదుగనూ పోల్చాలంటే ఏ కొలతలు పెట్టుకోవాలి?

నిర్మల_బయాలజీ
తొమ్మిది, పది తరగతుల పిల్లలతో ఒక ప్రాజెక్టు అనుకుంటున్నాం. ఒక పాటపిట్ట, ఒక పూల చెట్టు తీసుకుని పోల్చాలి. పిట్టగా ఊదా తేనెపిట్టను, చెట్టుగా మోదుగను ఎంచుకున్నాం. ఊరి చివర గుట్ట దగ్గర రెండూ దొరుకుతాయి, ఫిబ్రవరి చివరికి చెట్టు నిండా పూలుంటాయి. ఇప్పటికి రాసుకున్న పట్టిక ఇలా ఉంది: కదలిక (ఎగురుతుంది / కదలదు), ఆహారం (మకరందం, పురుగులు / కిరణజన్య సంయోగక్రియ), సంతానం (గుడ్లు / గింజలు), రంగు (నీలం / నారింజ). ఇంతటితో ఆపితే ఏదో వెలితిగా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

చెట్టుగట్టు
వెలితి ఎక్కడుందంటే, మీ పట్టికలో ప్రతి వరుసా "ఇది చేస్తుంది, అది చేయదు" దగ్గరే ఆగిపోతోంది. పిట్ట బదులు కప్పనూ మోదుగ బదులు వేపనూ పెట్టినా అదే పట్టిక వస్తుంది. రెండింటినీ ఒకే ప్రశ్న అడగండి. రోజుకు ఎంత శక్తి ఖర్చు పెడుతుంది, అది ఎక్కడిది? రంగు దేనితో తయారైంది, ఎవరి కంటి కోసం? ఒక్క సంతానం మీద ఎంత పెట్టుబడి? ఎండాకాలంలో నీటిని ఎలా సంబాళించుకుంటుంది? అప్పుడు జవాబులు రెండు వైపులా అంకెల్లో వస్తాయి.

మీరు ఎంచుకున్న జతకు ఇంకో మేలుంది. ఈ రెండూ పువ్వు దగ్గర కలుస్తాయి. మోదుగ పరాగసంపర్కం మీద ఢిల్లీ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన పని 2003లో అన్నల్స్ ఆఫ్ బోటనీ పత్రికలో వచ్చింది. ఎనిమిది రకాల పక్షులు పూల మీద వాలినా, వాటిలో నిజంగా పరాగసంపర్కం జరిపేది ఊదా తేనెపిట్ట ఒక్కటేనని అందులో తేలింది. పక్షులు కాక ఉడుత కూడా ఆ పని చేస్తుంది.

శబ్దరత్నం
మోదుగను పిట్టతో పోల్చడం మన భాషలో పాతదే. కింశుకం అన్న పేరుకు సంప్రదాయంగా చెప్పే వ్యుత్పత్తి "కిం శుకః?", అంటే "చిలుకా ఏమి?" అని. వంకర తిరిగిన ఎర్రని రేకు చిలుక ముక్కులా ఉంటుంది కదా. పిల్లల ప్రాజెక్టుకు ముఖచిత్రం అదే పెట్టండి.

రెక్కలచప్పుడు
పేరు అందమైనదే, ముఖచిత్రానికి బాగుంటుంది. లోపల మాత్రం ఒక మాట రాయాలి: చిలుక పాటపిట్ట కాదు. పాసెరైన్లు (కాకి, పిచ్చుక లాంటివి వచ్చేది) అనే వర్గానికీ చిలుకలకూ దగ్గరి చుట్టరికం ఉన్నా వర్గాలు వేరు. తేనెపిట్ట పాసెరైన్లలో, అందులోనూ పాటపిట్టల శాఖలో వస్తుంది. ఇంకో పొరపాటు కూడా ముందే ఆపండి. దీన్ని "మన హమ్మింగ్ బర్డ్" అనకండి. హమ్మింగ్ బర్డ్‌లు అమెరికా ఖండాల్లోనే ఉంటాయి. తేనెపిట్ట అప్పుడప్పుడు గాల్లో నిలిచి తాగినా, వీలైతే కొమ్మ మీద వాలే తాగుతుంది. మోదుగ పూల గెల కాడ వాలడానికి సరిపోయేంత గట్టిగా ఉంటుంది.

ముందు పిట్ట అదేనా అని తేల్చుకోవాలి. మన దగ్గర మూడు తేనెపిట్టలు కలగలిసిపోతాయి.

ఊదా తేనెపిట్ట (సిన్నైరిస్ ఏషియాటికస్): పొడవు దాదాపు 10 సెం.మీ., బరువు 10 గ్రాముల లోపే. జతకట్టే కాలంలో మగది దూరానికి నల్లగా, ఎండ పడితే నీలం, ఊదా మెరుపుతో కనిపిస్తుంది. ఆడది పైన ఆలివ్ గోధుమ, కింద గొంతు నుంచే పసుపు.

ఊదా నడుము తేనెపిట్ట (లెప్టోకోమా జైలోనికా): మగదాని పొట్ట పసుపు. ఆడదాని గొంతు బూడిద తెలుపు, పసుపు రొమ్ము దగ్గర మొదలవుతుంది. ఆడవాటిని వేరు చేయడానికి గొంతు చూడటమే దారి.

లోటెన్ తేనెపిట్ట: ఊదా తేనెపిట్టలాగే ఉంటుంది కానీ ముక్కు స్పష్టంగా పొడవు, వంపు ఎక్కువ, మగదాని పొట్ట గోధుమ నలుపు.

జతకట్టే కాలం దాటాక ఊదా తేనెపిట్ట మగది ఆడదానిలా మారిపోతుంది. గొంతు నుంచి పొట్ట దాకా ఒక ముదురు గీత మాత్రం మిగులుతుంది. ఆ గీతను గమనించక "ఆడవే ఎక్కువగా వస్తున్నాయి" అని రాసేస్తే లెక్కంతా తప్పుతుంది.

నిర్మల_బయాలజీ
బాగుంది. శక్తి లెక్క బడిలో సాధ్యమేనా? పరికరాలు ఏం కావాలి?

కొలతబద్ద
సాధ్యమే. కావలసినవి: ద్రవంలో చక్కెర శాతం చూపే, చేతిలో పట్టుకునే రిఫ్రాక్టోమీటర్ (0 నుంచి 32 బ్రిక్స్ ఉన్నది చాలు), కేపిల్లరీ గొట్టాలు (సన్నని గాజు గొట్టాలు), మిల్లీమీటరు స్కేలు, దోమతెర గుడ్డతో కుట్టిన సంచులు, రంగు దారాలు, స్వేదనజలం, మెత్తని గుడ్డ.

ముందురోజు సాయంత్రం, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలకు సంచి కట్టండి. సంచి రేకులకు తగలకూడదు. తగిలితే గుడ్డే మకరందాన్ని పీల్చేస్తుంది. లోపల సన్నని తీగ వలయం పెడితే గుడ్డ దూరంగా నిలుస్తుంది. కాడకు వాజెలిన్ పూయండి, లేకపోతే రాత్రికి రాత్రి చీమలు ఖాళీ చేస్తాయి.

ఉదయం ఏడు గంటల లోపు సంచి విప్పి, రక్షకపత్రాల గిన్నె అడుగున కేపిల్లరీ మొన పెట్టి మకరందం తీయండి. అండాశయాన్ని గుచ్చితే చెట్టు రసం కలిసి పరిమాణం ఎక్కువ, గాఢత తక్కువ చూపిస్తుంది. గొట్టం మొత్తం పొడవు 32 మి.మీ., పట్టేది 20 మైక్రోలీటర్లు అనుకోండి. మకరందం 16 మి.మీ. మేర నిలిస్తే 10 మైక్రోలీటర్లు ఉన్నట్టు.

రిఫ్రాక్టోమీటర్‌ను స్వేదనజలంతో సున్నాకు సరిచేశాకే చుక్క వేయండి. ఉష్ణోగ్రతను తనంతట సరిచేసుకునే రకమైనా సాధారణంగా 10 నుంచి 30 డిగ్రీల మధ్యే నమ్మదగినది. మార్చి మధ్యాహ్నం మన దగ్గర 38 దాకా పోతుంది. పైగా ఎండకు మకరందంలో నీరు ఆవిరై గాఢత పెరుగుతుంది. అందుకే పొద్దున్నే, నీడలో చేయాలి.

ఇప్పుడు లెక్క. బ్రిక్స్ అంటే బరువులో శాతం, ఘనపరిమాణంలో కాదు. 20 బ్రిక్స్ అంటే మైక్రోలీటరుకు 0.20 మిల్లీగ్రాములని రాస్తారు, అది తప్పు. ఆ ద్రావణం సాంద్రత 1.081 కాబట్టి 0.216 రాయాలి. చక్కెర మిల్లీగ్రాముకు దాదాపు 16.5 జౌళ్ళు ఇస్తుంది. ఉదాహరణకు పువ్వుకు 40 మైక్రోలీటర్లు, 20 బ్రిక్స్ వచ్చిందనుకుందాం (ఇది లెక్క చూపడానికే, మీ కొలతలు మీవి): 40 × 0.216 = 8.6 మి.గ్రా., అంటే పువ్వుకు సుమారు 143 జౌళ్ళు.

పిట్ట వైపు: పాసెరైన్ పక్షుల రోజువారీ ఖర్చుకు వాడే సూత్రం 10.4 × (గ్రాముల్లో బరువు)^0.68 కిలోజౌళ్ళు. 8 గ్రాముల పిట్టకు సుమారు 43 కిలోజౌళ్ళు. అంతా మకరందం నుంచే రావాలంటే మన ఉదాహరణ ప్రకారం 300 పూలు కావాలి. ద్రవంగా 12 మిల్లీలీటర్లు, అంటే పిట్ట బరువు కన్నా ఎక్కువ. నిజానికి సాలీళ్ళు, చిన్న పురుగులు కూడా తింటుంది కాబట్టి పూలు అంతకన్నా తక్కువే పడతాయి. 300ను పై హద్దుగా రాయండి.

చెట్టుగట్టు
కొలతబద్ద గారి లెక్కకు ఒక హెచ్చరిక. ఒకే చెట్టు నుంచి 30 పూలు కొలిస్తే అవి 30 నమూనాలు కావు. ఒకే చెట్టును 30 సార్లు కొలిచినట్టు. ఐదు చెట్లు తీసుకుని, చెట్టుకు ఆరు పూలు కొలవండి. చెట్టు సగటులు విడివిడిగా రాసి, ఆ ఐదింటి మీదే మాట్లాడండి.

ఇంకోటి. మోదుగ వేళ్ళ నుంచి పిలకలు విపరీతంగా వేస్తుంది. పక్కపక్కనే ఉన్న నాలుగు చెట్లు నిజానికి ఒకే చెట్టు పిలకలు కావచ్చు. కనీసం వంద మీటర్ల ఎడం ఉన్నవి ఎంచుకోండి. పరపరాగ పరీక్ష (వేరే చెట్టు పుప్పొడి రుద్ది చూడటం) చేస్తే ఇది మరీ ముఖ్యం, పిలక పువ్వు పుప్పొడి తెచ్చి రుద్దితే అది ఆత్మపరాగమే అవుతుంది.

నిర్మల_బయాలజీ
పరాగ పరీక్ష కూడా పిల్లలు చేయగలరా? పువ్వు నిర్మాణం కొంచెం గందరగోళంగా ఉంది.

చెట్టుగట్టు
పదో తరగతి పిల్లలు చేయగలరు. చిక్కుడు పువ్వు తెలిస్తే మోదుగ తెలిసినట్టే, అదే కుటుంబం. అయిదు ఆకర్షణ పత్రాలు: వెడల్పుగా వెనక్కి విరుచుకున్న ధ్వజం ఒకటి, బాహువులు రెండు, చిలుక ముక్కులా వంగి కలిసిపోయిన ద్రోణి రేకులు రెండు. కేసరాలు పది, తొమ్మిది ఒక కట్టగా, ఒకటి విడిగా. కేసరాలూ కీలమూ ద్రోణిలో దాగి ఉంటాయి. ద్రోణిని ఎవరైనా నొక్కి తెరిస్తేనే బయటపడతాయి. మకరందం అడుగున, ముదురు గోధుమ రంగు మఖమల్ లాంటి రక్షకపత్రాల గిన్నెలో ఉంటుంది.

నాలుగు గుంపులు పెట్టండి, ఒక్కోదానికి కనీసం 20 పూలు:
తెల్ల దారం: ఏమీ చేయకుండా వదిలేసినవి.
నల్ల దారం: సంచి కట్టి, ముట్టుకోకుండా ఉంచినవి.
పసుపు దారం: సంచి కట్టి, అదే చెట్టు పుప్పొడి చేత్తో రుద్దినవి.
ఎర్ర దారం: మొగ్గలోనే, పరాగకోశాలు పగలక ముందే చిన్న కత్తెరతో తీసేసి, దూరపు చెట్టు పుప్పొడి రుద్దినవి.

నాలుగైదు వారాలకు లేత కాయలు లెక్కపెట్టండి. సంచిని వారం తర్వాత తీసేయాలి, ఎక్కువ రోజులుంటే వేడికి లేత కాయ రాలిపోతుంది, దాన్ని పరాగసంపర్కం కుదరనట్టు పొరబడతారు. ఎర్ర దారం గుంపులో ఎక్కువ కాయలు రావాలి. పసుపులో కొన్ని వచ్చినా ఆశ్చర్యపోకండి, మోదుగకు సొంత పుప్పొడితోనూ కాయలు పడతాయి. నల్ల దారంలో ఎక్కువ వస్తే సంచికి చిల్లు ఉందేమో వెతకండి.

పల్లెబాట
అంటే తేనెపిట్ట లేకపోతే మోదుగ అంతరించిపోతుందని రాయొచ్చన్నమాట. పిల్లలకు బాగా పట్టుకుంటుంది.

రెక్కలచప్పుడు
రాయకండి. ఉడుత ఉంది, సొంత పుప్పొడితో పడే కాయలున్నాయి, వేళ్ళ పిలకలున్నాయి. పిట్టది కూడా అంతే. బూరుగ, బారిజం, మందారం, అరటి పువ్వు, మామిడి చెట్ల మీద పెరిగే బదనికలు, అన్నింటి మీదా తాగుతుంది. ఒకటి లేకుంటే రెండోది లేదనే బంధం కాదిది. రెండింటికీ లాభం ఉంది, రెండింటికీ వేరే దార్లూ ఉన్నాయి. "మోదుగ పూసే వారాల్లో ఈ చెట్టు పిట్ట ఖర్చులో ఎంత భాగం తీర్చగలదు, ఆ పిట్ట ఎన్ని పూలకు పుప్పొడి మార్చగలదు" అని రాయండి. అది కొలవగలిగిన మాట.

కొలిచే పద్ధతి: ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు, పదిహేను నిమిషాల విడతలుగా చూడండి. చెట్టుకు 10 నుంచి 15 మీటర్ల దూరం, 8×40 దుర్భిణి చాలు. చెట్టంతా చూడాలని ప్రయత్నిస్తే ఏదీ దక్కదు. ఒక కొమ్మ గుర్తు పెట్టుకుని, దాని మీద విచ్చుకున్న పూలు ముందే లెక్కించండి. ప్రతి రాకకూ అయిదు గడులు: సమయం, ఏ పక్షి, మగా ఆడా, ఎన్ని పూలు ముట్టింది, కేసరాలు ఒంటికి తగిలాయా లేదా.

ఆ చివరి గడే అసలు గడి. చిలుక పువ్వునే కొరికి కింద పడేస్తుంది, గోరువంకలు, పికిలిపిట్టలు, కాకులు మకరందం కోసం వాలతాయి. రాకల సంఖ్య చూస్తే అవే ముందుండొచ్చు. తాగడం వేరు, పుప్పొడి అంటించుకుని ఇంకో చెట్టుకు మోయడం వేరు. తేనెపిట్ట కూడా ప్రతిసారీ సరిగ్గా తాగదు, పక్క నుంచి ముక్కు దూర్చి కేసరాలు తగలకుండా తాగిపోతే "దొంగ తాకిడి" అని విడిగా రాయండి. రాకలు లెక్కపెట్టారు గానీ పిట్టలను కాదని కూడా గుర్తుంచుకోండి. ఒకే మగపిట్ట పది సార్లు రావచ్చు.

అద్దకం
రంగు గురించి ఎవరూ మాట్లాడలేదు, పోలికలో అదే గట్టి భాగం. పిట్ట నీలం, పువ్వు నారింజ అని రెండు గడుల్లో రాసేస్తే అసలు విషయం జారిపోతుంది. పువ్వుది రంగు పదార్థం, పిట్ట నీలం మాత్రం రంగు పదార్థం వల్ల వచ్చేది కాదు.

మోదుగ రేకుల్లో బ్యుట్రిన్, ఐసోబ్యుట్రిన్ వంటి పదార్థాలున్నాయి. అవి నీళ్ళలోకి దిగుతాయి. కాముని పున్నమికి తెలంగాణ ఊళ్ళలో మోదుగ పూలు ఉడికించి రంగునీళ్ళు చేసేది ఇందుకే. ప్రయోగం: నేల రాలిన తాజా పూలు 100 గ్రాములు, కాడలూ గోధుమ గిన్నెలూ తీసేసి, లీటరు నీళ్ళలో అరగంట సన్నని మంట మీద ఉంచండి. ఇనుప గిన్నె వద్దు, ఇనుము కలిసి రంగు మురికిగా మారుతుంది, స్టీలు గిన్నె మంచిది. వడకట్టి మూడు గాజు గ్లాసుల్లో పోయండి. ఒకదానిలో ఏమీ కలపకండి. రెండోదానిలో సున్నపు తేట చెంచాడు, రంగు ముదురు నారింజకు తిరుగుతుంది. మూడోదానిలో నిమ్మరసం, రంగు తేలికపడుతుంది. గుడ్డకు అద్దాలంటే గుడ్డను ముందు పటిక నీళ్ళలో నానబెట్టాలి, లేకపోతే రెండు ఉతుకులకే పోతుంది. సున్నం తేట చేతులకూ కళ్ళకూ తగలకుండా పెద్దవాళ్ళే పోయాలి.

తేనెపిట్ట మెరుపు ఇలా దిగదు. ఈక పోగుల్లో మెలనిన్ పలకలు సన్నని పొరలుగా పేర్చి ఉంటాయి. ఆ పొరల మీద కాంతి ప్రతిఫలించి, కలిసి వచ్చేటప్పుడు నీలం, ఊదా పుడతాయి. అందుకే తల తిప్పితే రంగు మారుతుంది, నీడలోకి వస్తే నల్లబడుతుంది.

రెక్కలచప్పుడు
అద్దకం గారు చెప్పింది సరే, కానీ తేనెపిట్ట ఈక కోసం పిల్లలను పంపకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ పిట్టకు రక్షణ ఉంది. పట్టడం, గూడు తీయడం, గుడ్లు ముట్టడం నేరం. ఈక ప్రయోగానికి నాటు కోడిపుంజు తోకలోని ఆకుపచ్చ మెరుపు ఈక చాలు. కిటికీకి ఎదురుగా పట్టుకుని చూస్తే వెనక నుంచి వచ్చే వెలుతురులో గోధుమ రంగే కనిపిస్తుంది. వెలుతురు మన వైపు నుంచి పడితే మెరుపు తిరిగి వస్తుంది. మోదుగ రేకును అలాగే పట్టుకుంటే రెండు వైపులా నారింజే. ఈ ఒక్క ప్రయోగంతో తేడా పిల్లల కంటికి తెలుస్తుంది.

రంగు ఎవరి కంటికి అన్నది కూడా పట్టికలో ఉండాలి. తేనెటీగకు ఎరుపు సరిగా ఆనదు. పక్షి కంట్లో నాలుగు రకాల రంగు కణాలుంటాయి, ఆకుల్లేని కొమ్మ మీద నారింజ ఎరుపు దానికి దూరం నుంచే కనిపిస్తుంది. మగ తేనెపిట్ట మెరుపు తన జాతి ఆడదాని కోసం. మోదుగ రంగు వేరే జాతి కోసం.

నిర్మల_బయాలజీ
సంతానం వరుస ఎలా మార్చాలి? గుడ్లు / గింజలు అని వదిలేయలేను ఇప్పుడు.

చెట్టుగట్టు
ఇలా. పిట్ట: ఆడ మగ వేరు. గుడ్లు సాధారణంగా రెండు, ఒక్కోసారి మూడు. గూడు కట్టేదీ పొదిగేదీ ఆడదే, సుమారు రెండు వారాలు పొదుగుతుంది, పిల్లలకు మేత పెట్టేటప్పుడు మగది తోడొస్తుంది. పిల్లలకు పురుగులే ఎక్కువ పెడుతుంది, ఎదగడానికి ప్రొటీన్ కావాలి, మకరందంలో అది దాదాపు లేదు.

మోదుగ: ప్రతి పువ్వులో రెండు లింగాలూ ఉన్నాయి. పూలు లెక్కలేనన్ని, కాయలు కొద్ది, కాయకు గింజ ఒక్కటే. మోదుగ శాస్త్రీయ నామం బ్యుటియా మోనోస్పెర్మా, అందులో మోనోస్పెర్మా అన్న మాటకు అర్థమే ఏకబీజి. ఆ గింజ చదునైన కాయ కొసన ఉంటుంది, మిగతా కాయంతా రెక్కలా పనిచేస్తుంది. ఎండాకాలపు గాలికి తిరుగుతూ కొంత దూరం పోయి పడుతుంది. కదలని చెట్టు తన గింజకు రెక్క కట్టిందన్నమాట. మీ "ఎగురుతుంది / కదలదు" వరుసను ఇక్కడికి మార్చేయండి.

శబ్దరత్నం
పేర్ల వరుస ఒకటి చేర్చమని మనవి. పిట్టకు ఏషియాటికస్ అన్న పేరు పక్షి శాస్త్రవేత్త లేథమ్ 1790లో పెట్టినది. బ్యుటియా అన్న ప్రజాతి పేరు వృక్ష శాస్త్రవేత్త రాక్స్‌బరో 1795లో మొదలైన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో బొమ్మతో సహా ఉంది. ఆయన అంతకుముందు ఏళ్ళ తరబడి సామర్లకోటలో ఉండి మన మొక్కలను పరిశీలించి, తెలుగు పేర్లు కూడా రాసిపెట్టినవాడు. గోదావరి జిల్లాల పిల్లలకు ఇది తెలిస్తే బాగుంటుంది.

పల్లెబాట
నీటి సంగతి? ఎండాకాలంలో ఆకులు రాల్చుకుని పూలెలా పూస్తుంది?

కొలతబద్ద
రెండింటికీ నీటి సమస్యే, కానీ ఎదురెదురు దిశల్లో. మోదుగ ఆకులు రాల్చి ఆవిరి నష్టం తగ్గించుకుంటుంది, లోతైన వేరు నుంచి వచ్చే నీటినీ నిల్వ చక్కెరనూ పూలకు పంపుతుంది. తేనెపిట్టకు పలచని మకరందంతో నీరు అవసరానికి మించి లోపలికి పోతుంది, దాన్ని వదిలించుకుంటూ లవణాలు పోకుండా మూత్రపిండాలు కాపాడాలి. పై లెక్కలో 12 మిల్లీలీటర్లు తాగితే అందులో చక్కెర 2.6 గ్రాములు, మిగిలిన 10 గ్రాములకు పైగా నీరే. 8 గ్రాముల ఒంట్లోంచి రోజూ అంత నీరు బయటికి పోవాలి. పిల్లలతో ఈ తీసివేత చేయించండి, మళ్ళీ మర్చిపోరు.

నిర్మల_బయాలజీ
చివరిగా ఒకటి. బడి ఆవరణలో మోదుగ మొక్కలు పెంచాలని పిల్లలు అడుగుతున్నారు. గింజ ఎప్పుడు తీయాలి?

చెట్టుగట్టు
మే, జూన్‌లలో కాయ గోధుమ రంగుకు తిరిగి రాలేటప్పుడు ఏరండి. కొస దగ్గర నొక్కితే గట్టిగా తగిలితేనే గింజ ఉన్నట్టు, చాలా కాయలు తాలుగా ఉంటాయి. చిన్న గుండ్రని రంధ్రం కనిపిస్తే పురుగు పట్టింది, పారేయండి. మొలకశక్తి ఎక్కువ కాలం నిలవదు, అదే వానాకాలంలో విత్తాలి. తల్లివేరు త్వరగా లోతుకు పోతుంది కాబట్టి పొట్టి సంచులు వద్దు, అడుగు లోతున్నవి వాడండి. సంచి అడుగున వేరు చుట్టలు తిరిగితే నాటిన తర్వాత మొక్క ఏళ్ళ తరబడి గిడసబారి ఉంటుంది. వీలైతే గుంత తీసి నేలలోనే నేరుగా రెండేసి గింజలు వేయండి. మొదటి రెండేళ్ళు పైన ఎదుగుదల పెద్దగా కనిపించదు, చచ్చిపోయిందనుకుని పీకేయకండి. పశువులు తొక్కకుండా కంచె మాత్రం తప్పనిసరి.

నిర్మల_బయాలజీ
పట్టిక కొత్తగా రాశాను: శక్తి, నీరు, రంగు, సంతానం, పేర్లు. వచ్చే వారం అయిదు చెట్లు గుర్తించి, మధ్య దూరాలు కొలిచి ఇక్కడే పెడతాం. కొలతబద్ద గారూ, సంచుల కొలత ఎంత ఉండాలో చెప్పండి.

కొలతబద్ద
30 సెం.మీ. పొడవు, 20 వెడల్పు. ఒక గెల కొస పట్టేంత. నోటి దగ్గర నాడా పెట్టి, కాడ చుట్టూ దూది చుట్టి దాని మీద బిగించండి, చీమ దూరేంత సందు మిగలకుండా.